బడిపంతులు తీర్చిన జట్టు

సంక్రాంతి దాటి, సార్వా వరికోతలు ముగిసి, కుప్పలు కళ్లములకు చేరిన పిమ్మట కృత్తివెన్ను పరిసరములందలి పొలములు కొన్ని దినములపాటు పిల్లల సొత్తగును. నేల బీటలు వాఱి, వరిమోళ్లు అరికాళ్లకు గ్రుచ్చుకొనుచున్నను వారు సరకుచేయరు. నాలుగు కఱ్ఱలు పాతి, గీతలకు బదులు ఊక పోసి, దొరకిన బంతితో చీకటిపడువఱకు ఆడుదురు. మా ప్రాంతమున క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీలకే మక్కువ. ఫుట్‌బాలు వాని తరువాతిది. అయినను ఆ పరుగును, ఆ ఓర్పును, ఉప్పుగాలిలో పెరిగిన ఆ దేహముల పటుత్వమును చూచినవారికి ఈ పిల్లలు ఏ యాటకును తక్కువవారు కారని తోచకమానదు. అట్టి పొలములు పెక్కు ఇప్పుడు రొయ్యల చెఱువులుగను, చేపల చెఱువులుగను మాఱిపోయినవి. అది వేఱొకనాడు వ్రాయవలసిన సంగతి.

ఈ పిల్లలే పెద్దవారై, బంటుమిల్లి, పెడనల మీదుగా బస్సెక్కి, బందరు కళాశాలలకు పోవుదురు. అచ్చటను, గుడివాడలోను, దివిసీమలోను మాత్రమే కాదు, తెలుగునాట పెక్కు కళాశాలలలో ఫుట్‌బాలు జట్టు అనునది పోటీల తేదీ తెలిసిన తరువాత పుట్టి, పోటీలో ఓడిననాడు గిట్టునట్టిది. నోటీసుపలక మీద కాగిత మంటింతురు. పదునొకండుగురు దొరకినచో అదృష్టము. ఒకని బూట్లు మఱియొకడు తొడుగుకొనును. ఎవడు ముందు నిలువవలెనో, ఎవడు వెనుక నిలువవలెనో బస్సులో నిశ్చయింతురు. మొదటి యాటలోనే నాలుగైదు గోలులు తిని తిరిగివత్తురు. అప్పుడు పెద్దలు తీర్పు చెప్పుదురు: మన పిల్లలలో పట్టుదల లేదు, బలము లేదు, మన నేలకు ఆ యాట పట్టదు అని.

ఈ తీర్పు అన్యాయమైనదని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఆ పిల్లలలో లేనిది పట్టుదల కాదు. వారికి లేనివాడు శిక్షకుడు. నేర్పువాడు వచ్చి నిలిచినచో ఒక్క ఋతువులో ఎంత మాఱునో తెలిసికొనుటకు మనము సముద్రములు దాటి పోనక్కరలేదు. హైదరాబాదు వఱకు పోయిన చాలును. అదియు 1950వ సంవత్సరమునకు.

ఆ యేడు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు క్రొత్త శిక్షకుడు వచ్చెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన పోలీసు అధికారి కాడు. పేరుమోసిన ఆటగాడును కాడు. బడిపంతులు. 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాలు ఆడి, పట్టభద్రుడై, కాచిగూడ మాధ్యమిక పాఠశాలలో పాఠములు చెప్పెను. పిమ్మట వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూము, చాదరుఘాటు ఉన్నత పాఠశాలలలో ఆటల భారము వహించెను. ఉస్మానియా పూర్వవిద్యార్థులు కూర్చుకొనిన జట్టులో ఆడెను. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండెను. ఇంతకాలమును ఆయన చేసిన పని యేమి? పిల్లలను చూచుట, వారిచేత ఆడించుట, లీగు పోటీలు నడపుట. కార్యదర్శి అనగా కాగితములమీద సంతకములు చేయువాడని మనకు తోచును. ఆయన విషయమున అది మైదానపు టంచున నిలువబడు ఉద్యోగము.

పోలీసుజట్టు అంతకుముందే మంచి జట్టు. అది దాచవలసిన సంగతి కాదు. 1943లో బెంగుళూరున జరిగిన ఆష్ గోల్డ్ కప్పు పోటీలలో, ఇంగ్లండు క్రీడాకారుడు డెనిస్ కాంప్టను ఆడిన బ్రిటిషు వైమానికదళపు జట్టును ఈ పోలీసులు ఓడించియుండిరి. కాని దక్షిణమున గెలిచిన జట్టు వేఱు, దేశమంతటను పేరెన్నికగన్న జట్టు వేఱు. బొంబాయి రోవర్సు కప్పు 1891లోను, సిమ్లాలో పుట్టిన డ్యూరాండు కప్పు 1888లోను ఆరంభమైనవి. ఆ రెండును తెల్లదొరల సైనికులు తమలో తాము ఆడుకొనుటకై పెట్టుకొనినవి. మనవారు వానిని గెలుచుటకు దశాబ్దములు పట్టెను. 1911 జూలై 29న కలకత్తాలో మోహన్ బగాను జట్టువారు ఉత్తకాళ్లతో ఆడి, ఈస్టు యార్కుషైరు పటాలమును 2–1 గోలులతో ఓడించి ఐ. ఎఫ్. ఏ. షీల్డు గెలుచుకొన్ననాడు దేశమంతయు ఉప్పొంగినదన్నచో, అది కేవలము ఆట గనుక కాదు. అయినను డ్యూరాండు కప్పు మొదటిసారి మనవారి చేతికి వచ్చుటకు 1940 దాక, అనగా కలకత్తా మహమ్మదను స్పోర్టింగు జట్టు గెలుచుదాక, వేచియుండవలసివచ్చెను. పిమ్మట యుద్ధము, దేశవిభజన. ఆ పోటీ తొమ్మిదేండ్లు జరుగనే లేదు.

తిరిగి జరిగినది 1950లో. స్వతంత్రభారతమున అదియే తొలి డ్యూరాండు. దానిని గెలుచుకొనినది ఆ బడిపంతులు తీర్చిన హైదరాబాదు పోలీసుజట్టు. తుదియాటలో ఎదురు నిలిచినది 1911 నాటి కీర్తిగల మోహన్ బగానే. అదే యేడు బొంబాయి రోవర్సు కప్పు కూడ హైదరాబాదునకు వచ్చెను. క్రొత్త శిక్షకుని తొలి ఋతువుననే దేశపు రెండు గొప్ప కప్పులు ఒక్క ఊరికి చేరినవి.

ఇచ్చట ఒక్క క్షణ మాగి కాలమును తలచుకొనవలెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైనది 1948 సెప్టెంబరులో. ఆ గాయములు మానుటకు రెండేండ్లు చాలునా? ఊళ్లలో అనుమానము, నగరమున భయము, ఎవరు ఎవరివారో తెలియని దినములు. అట్టి దినములలో నిన్నటివఱకు నిజాముగారి పోలీసులైనవారు ఢిల్లీ మైదానమున నిలిచి ఆ కప్పు నెత్తికొనిరి. మఱుసటి యేడు, 1951 మార్చి 10న, అదే ఢిల్లీలో ప్రథమ ఆసియా క్రీడల తుదియాటలో భారత జట్టు ఇరానును 1–0తో ఓడించి స్వర్ణపతకము గెలిచినప్పుడు శిక్షకుడు రహీమే. ఆ జట్టులో అజీజుద్దీను, నూర్ మహమ్మదు, లతీఫు హైదరాబాదువారు. గోలు కొట్టిన మేవాలాలు కలకత్తాలో ఆడువాడు. నాయకుడు శైలేన్ మన్నా బెంగాలీ. విలీనపత్రములమీద సంతకములు జరిగిన పిమ్మట మనస్సులు కలియుటకు ఏమేమి తోడ్పడినవని చరిత్రకారులు వ్రాయునప్పుడు, ఈ ఆటగాండ్రకు ఒక పంక్తి కేటాయింపవలసియున్నది.

ఆయన ఏమి నేర్పెను? ఈ విషయమే మన కళాశాలలవారికి ముఖ్యమైనది. మన దేశమున ఆనాడు ఆటగాడనగా బంతిని కాలికి అంటించుకొని ఇద్దరిని ముగ్గురిని తప్పించుకొని పోవువాడు. చూచువారు చప్పట్లు కొట్టునది వానికే. ఉత్తకాళ్లతో ఆడుటవలన బంతిమీద ఆ పట్టు వచ్చునని వాదించువారును ఉండిరి. రహీము ఆ నేర్పును కాదనలేదు. కాని దానిమీదనే ఆధారపడిన జట్టు గెలువదని ఎఱిగెను. అందుచేత బంతిని తప్పించుకొనిపోవుట నిషేధించిన పోటీలు పెట్టెను: బంతి అందినవాడు వెంటనే తోటివానికి ఇచ్చివేయవలెను. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టెను: కుడికాలివాడు ఎడమకాలితోనే తన్నవలెను. ఇవి వినుటకు నవ్వుపుట్టించును. పిల్లల ఆటలవలె నున్నవి. అవి నిజముగ పిల్లల ఆటలే; బడిపంతులు గనుకనే ఆయనకు తోచినవి. లెక్కలలో వెనుకబడిన బాలునిచేత లెక్కలే చేయించునట్లు, చేతకాని కాలిచేతనే పని చేయించెను. తప్పించుకొని పోవుటకు వీలులేనప్పుడు ఆటగాడు తలయెత్తి చూడవలెను. తలయెత్తి చూచినచో తోటివాడు కనబడును. జట్టు అనునది అచ్చట పుట్టును.

ఈ పోటీలకు అయిన వ్యయ మేమి? బంతి, మైదానము, ఈల. నేటి మన కళాశాలలలో ఏ యొక్కటియైనను వీనికి మించి కోరవలసిన పని లేదు. దివిసీమలో నొక కళాశాల, గుడివాడలో నొక కళాశాల, బందరులో నొకటి కలిసి ప్రతి నెల ఒక ఎడమకాలి పోటీ పెట్టుకొనినచో ఏ ప్రభుత్వపు టుత్తరువు వచ్చునని కాచుకొనవలయును?

పోలీసుజట్టు విజయము ఒక్క యేటితో ఆగలేదు. 1950 మొదలుకొని 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు హైదరాబాదు పోలీసులదే. డ్యూరాండు మఱల 1954లో వచ్చెను. ఆ దశాబ్దము ముగియులోగా ఇంకొకసారియు, 1961లో మఱొకసారియు వచ్చెను. రాష్ట్రజట్ల నడుమ జరుగు సంతోషు ట్రోఫీని 1956, 1957లలో హైదరాబాదు గెలిచెను. ఆ యేండ్లలో కలకత్తా గొప్ప సంఘములవారు ఆటగాండ్రకొఱకు హైదరాబాదు వీథులు వెదకిరనుటలో అతిశయోక్తి లేదు.

అయినను రహీమును దేవుని చేయుట నా ఉద్దేశము కాదు. ఆయన ఓడెను; దారుణముగ ఓడెను. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనవారిని 10–1 గోలులతో ఓడించినప్పుడు శిక్షకుడు ఆయనయే. చలిదేశపు తడినేల, మనవారిలో పెక్కురు ఉత్తకాళ్లవారు. అంతకు నాలుగేండ్లు ముందు 1948లో లండనులో ఫ్రాన్సుచేత 2–1తో ఓడిననాడు మన ఉత్తకాళ్ల ఆటను ఇంగ్లీషువారు ముచ్చటపడి మెచ్చుకొనిరి. ఆ మెచ్చుకోలు మనకు మేలు చేయలేదని నా యభిప్రాయము. పరుల ముచ్చట మనకు వ్రతమయ్యెను. 1950లో బ్రెజిలునందు జరిగిన ప్రపంచకప్పునకు అర్హత దొరకియు మన జట్టు పోలేదు. బూట్లు తొడుగనీయలేదని పోలేదన్న కథ నేటికిని చెప్పుకొనుచున్నాము. ఆనాడు సమాఖ్యవారు చెప్పిన కారణములు వేఱు: జట్టు ఎంపికలో భేదాభిప్రాయములు, అభ్యాసమునకు కాలము చాలకపోవుట. ఒలింపిక్కులే గొప్పవని, ప్రపంచకప్పు అంత గొప్పది కాదని అనుకొనుటయు కలదు. కథ మాత్రము ఉత్తకాళ్లమీదికి పోయినది. హెల్సింకిలో పది గోలులు తినివచ్చిన పిమ్మట బూట్లు తప్పనిసరి అయినవి. ఓటమిని తన వెంట తెచ్చుకొని, ఎక్కడ తప్పినదో చూచి, మఱల మొదటినుండి మొదలుపెట్టుట రహీమునకు తెలిసిన విద్య. పరీక్షలో తప్పిన బాలుని బడినుండి వెళ్లగొట్టక, ఇంకొక యేడు చెప్పుటకు సిద్ధపడు ఉపాధ్యాయుని విద్య అది.

నాలుగేండ్ల తరువాత 1956లో మెల్బోర్నున మన జట్టు ఆస్ట్రేలియాను వారి సొంత నేలమీద 4–2తో ఓడించెను. నెవిలు డిసౌజా ఒక్కడే మూడు గోలులు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టు అది. అచ్చట మఱల యుగోస్లావియాయే ఎదురయ్యెను. మొదటి గోలు మనదే. తుదకు 4–1తో ఓడితిమి. పది గోలుల ఓటమికిని ఈ ఓటమికిని నడుమ ఎంత దూరము! మూడవ స్థానమునకు జరిగిన ఆటలో బల్గేరియాచేత ఓడి నాలుగవవారమైతిమి. ఆ జట్టులో అజీజుద్దీను, నూర్ మహమ్మదు, లతీఫు, అహమ్మదు హుస్సేను, జుల్ఫికరుద్దీను, బలరాము మొదలగు హైదరాబాదు ఆటగాండ్రు పెక్కురుండిరి. తన ఊరివారినే ఎన్నుకొనెనని ఆక్షేపణలు వినవచ్చెను. ఎన్నుకొనినవారు ఏమి చేసిరో మెల్బోర్ను చెప్పినది.

తులసీదాసు బలరాముని గూర్చి కొంత చెప్పవలెను. సికిందరాబాదు చెంత అమ్ముగూడ అను గ్రామమున 1936లో ఒక పేద తమిళ కుటుంబమున జన్మించెను. సికిందరాబాదు లీగు పోటీలలో ఆడుచుండగా రహీము కంటబడెను. అభ్యాసమునకు హైదరాబాదులోని ఫతే మైదానమునకు రమ్మని రహీము పిలిచినప్పుడు, అంత దూరము వచ్చుటకు తన యొద్ద డబ్బు లేదని ఆ యువకుడు చెప్పెనట. అప్పుడు సైకిలు అద్దెకు కావలసిన సొమ్ము తానే ఇచ్చి రప్పించెనని బలరాము తన వార్ధక్యమున తలచుకొనుచుండెడివాడు. ఆ బలరామే మెల్బోర్నునకు పోయెను, 1960లో రోమునకు పోయెను, 1962లో జకార్తాకు పోయెను. పిమ్మట బెంగాలుననే స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసెను. భారతదేశపు అత్యుత్తమ ఆటగాండ్రలో ఒకడని పెద్దలు చెప్పుకొను ఆ మనిషికిని అనామకునికిని నడుమ ఒకనాడు నిలిచియుండినది అద్దె సైకిలు మాత్రమే.

జకార్తా సంగతి చాలమంది ఎఱిగినదే గనుక తొందరగ చెప్పుదును. 1962 ఆసియా క్రీడలలో మొదటి యాటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించెను. తరువాత థాయిలాండును, జపానును గెలిచితిమి. థాయిలాండుతో జరిగిన ఆటలో వెనుకవరుస ఆటగాడైన జర్నైలు సింగు తలకు గాయమై కుట్లు పడినవి. కుట్లు పడిన తలతో వెనుక నిలిచి బంతిని అడ్డుట కష్టము. రహీము అతనిని కూర్చుండబెట్టక, ముందువరుసలోనికి తెచ్చెను! దక్షిణ వియత్నాముపై 3–2తో గెలిచిరి. ఇంతలో ఇజ్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానీయకపోవుటపై మన ప్రతినిధి సోంధీ చేసిన ఆక్షేపణవలన జకార్తా జనులు మనపై మండిపడియుండిరి. మన రాయబార కార్యాలయముమీదికి మూక వచ్చెను. సెప్టెంబరు 4న దాదాపు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును గేలిచేయుచుండగా, అదే దక్షిణ కొరియాతో తుదియాట. ప్రదీపు కుమారు బెనర్జీ ఒక గోలు, ఆ కుట్లు పడిన జర్నైలు సింగు ఒక గోలు. 2–1తో స్వర్ణము మనది. అప్పటికే ఆ శిక్షకుని దేహమును కాన్సరు తినుచుండెను. 1963 జూన్ 11న రహీము మృతినొందెను. ఆయన చరిత్రమును 2024లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రముగ తీసినప్పుడు, ఈయన మనవాడా అని తెలుగువారిలో ఆశ్చర్యపడినవారే అధికము.

ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు స్వర్ణము రాలేదు. 1970లో బాంకాకున కాంస్యము వచ్చెను, అంతే. సంతోషు ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ జట్టు 1965లో గెలిచెను. రహీము నాటిన చెట్టు కాచిన కడపటి కాపు అదియే అనుకొనవచ్చును. 2024 డిసెంబరు 31న సంతోషు ట్రోఫీ తుదియాట హైదరాబాదు గచ్చిబౌలిలోనే జరిగెను. ఆడినవారు బెంగాలు, కేరళ. మనవారు మైదానము ఇచ్చితిమి. నడుమ ఒక్కసారి మెఱుపు మెఱసెను: 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్. సీ. మొదటి యేడు పట్టికలో అట్టడుగున నిలిచి, 2020లో మనోలో మార్కెజు అను స్పెయిను శిక్షకుడు వచ్చిన పిమ్మట అయిదవ స్థానమునకు ఎగబ్రాకి, 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగు గెలిచెను. శిక్షకుడు మాఱినచో జట్టు మాఱుననుటకు ఇదియు సాక్ష్యమే. కాని ఆ సంఘమునకు ఊరిలో వేళ్లు లేవు. అప్పులలో పడి, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. ధనముతో కొనితెచ్చిన శిక్షకునికిని, బడిలో పుట్టిన శిక్షకునికిని ఇదియే భేదము. ఒకడు జట్టును గెలిపించి పోవును. మఱియొకడు పోయిన పిమ్మట గూడ ఆ గల్లీలలో ఆటగాండ్రు కొన్నాళ్లు పుట్టుచుందురు.

అమెరికాలో కళాశాలల ఫుట్‌బాలు అను నొక మహాయంత్రము కలదు. ఆ ఆట వేఱు, బంతిని చేతబట్టి పరుగెత్తుదురు. ఐనను కళాశాలకు క్రొత్త ప్రధానశిక్షకుడు వచ్చుట అచ్చట రాష్ట్రమంతటికి వార్త. అచ్చటి పెక్కు రాష్ట్రములలో ప్రభుత్వజీతము తీసికొనువారందఱిలో అత్యధిక వేతనము గవర్నరుది కాదు, విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు శిక్షకునిది. అది అతి. మనము దానిని కోరము. కాని అచ్చటి గొప్ప శిక్షకులలో పేరుపొందిన న్యూట్ రాక్ని 1918లో నోటర్‌డేము కళాశాల జట్టును చేపట్టుటకు ముందు ఆ కళాశాలలోనే రసాయనశాస్త్ర ప్రయోగశాలలో సహాయకుడు. అచ్చటను మొదలు ఉపాధ్యాయుడే. ఇక మన సంగతి? మన వ్యాయామోపాధ్యాయునికి అప్పగించు పనులు చూడుడు. వేదికమీద కుర్చీలు వేయించుట, ముఖ్యులు వచ్చునప్పుడు పిల్లలను వరుసగ నిలుపుట, గణితోపాధ్యాయుడు రానినాడు తరగతిలో అల్లరి లేకుండ చూచుట. ఆటల గంట వచ్చినచో, పాఠము మిగిలినదని ఇంకొకరు దానిని అప్పు తీసికొందురు. ఆ యప్పు తీర్చిన వారిని నే నెఱుగను. ఇంటర్మీడియటు చదువు పేరిట మూడంతస్తుల మేడలలో, మైదానమే లేక నడచు కళాశాలలు మన పట్టణములలో ఎన్ని గలవో అందఱెఱిగినదే. అచ్చట రెండేండ్లు కూర్చుండి వచ్చిన బాలుడు డిగ్రీ కళాశాలలో చేరునాటికి పరుగెత్తుటయే మఱచియుండును. బాలికల మాట చెప్పనే అక్కరలేదు.

బందరువారికి ఇట్టి సంగతి క్రొత్త గాకూడదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించినప్పుడు వారి చేతనున్నది ధనము కాదు, మంచి ఉపాధ్యాయుని తెచ్చి నిలిపినచో తక్కినవి వెంట వచ్చునను నమ్మకము. చిత్రలేఖనము నేర్పుటకు బెంగాలునుండి ప్రమోదకుమార ఛట్టోపాధ్యాయుని రప్పించిరి. ఒక్క గురువు వచ్చెను. అడివి బాపిరాజువంటి శిష్యులు తయారైరి. ఆ యూరిలో చిత్రకళకు జరిగినది ఆటకు జరుగరాదా? 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయము నేడు ఆ బందరుననే యున్నది. దాని క్రింద ఈ జిల్లా కళాశాలలు గలవు. ఒక్క శిక్షకుని, ఏడాదికి కాదు, అయిదేండ్లకు నిలిపి, మొదటి యేడు గోలుల లెక్క అడుగకుండ, పిల్లలను ఆయనకు వదలుట అసాధ్యమైన పని కాదు. అయిదేండ్లని ఏల అంటిననగా, హెల్సింకికిని మెల్బోర్నునకును నడుమ నాలుగేండ్లు పట్టినవి. పది గోలులు తినివచ్చిన శిక్షకుని ఆ మఱునాడే తొలగించియుండినచో మెల్బోర్ను లేదు, జకార్తా లేదు.

అట్టి శిక్షకుడు వచ్చినచో ఆయనకు మొదట ఎదురగు చిక్కు ఆటకు సంబంధించినదై యుండదు. కళాశాల వదలిన పిమ్మట అభ్యాసము. అది ముగియునప్పటికి ప్రొద్దుక్రుంకును. బందరులో నివసించు బాలుడు ఇంటికి నడచిపోవును. కృత్తివెన్ను బాలుడు అభ్యాసమునకు నిలిచినచో బస్సు తప్పును. బస్సు అందుకొన్నచో అభ్యాసము తప్పును. లక్ష్మీపురమువాడు, చినగొల్లపాలెమువాడు బస్సు దిగిన తరువాత ఇంకను పోవలసియుండును. ఆ కారణమున దూరపు ఊళ్ల పిల్లలు జట్టులో నుండరు. ఉన్నను పోటీలనాడు మాత్రమే కనబడుదురు. పొలములో చీకటిపడువఱకు పరుగెత్తిన ఆ బాలుని పేరు ఆ విధముగ మొదటి మాసముననే పట్టికలో కొట్టివేయబడును. వచ్చు జూన్ మాసమున కళాశాలలు తెఱచునప్పుడు, జట్టునకు పేర్లు వ్రాసికొను ఉపాధ్యాయుడు ప్రతి పేరునకు ఎదురుగ ఊరిపేరును, చివరి బస్సు వేళయు వ్రాసికొని, అభ్యాసమును తెల్లవాఱగట్టకో మధ్యాహ్నపు విరామమునకో జరుపవచ్చును. అది కుదరనిచో, సాయంకాలము ఆ నలుగురైదుగురిని ఊరు చేర్చు ఆటోకు కిరాయి కళాశాల ఆటల నిధినుండి చెల్లింపవచ్చును. ఆ నిధికి విద్యార్థులు ప్రతి యేట రుసుము కట్టుచునే యున్నారు.